నోరులేని జీవికి జబ్బు చేస్తే

పసిబిడ్డకు జబ్బు చేస్తే ఏడుస్తుంది. పెద్దవాళ్ళకు చేస్తే ఫలానాచోట నొప్పి అని చెబుతారు. గేదెకు చేస్తే మేత ముట్టదు, నెమరు వేయదు, ముట్టె మీద తడి ఆరిపోతుంది. కోడికి కొక్కెర తెగులు తగిలితే రెక్కలు వాల్చి మూలన కునుకుతుంది. ఈ గుర్తులు పల్లెల్లో పుట్టి పెరిగిన మనకు ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. చూసి చూసి నేర్చుకున్నాం. మరి అరవనిది, మూలగనిది, ముట్టుకుంటే ఒళ్ళు వెచ్చగా తగలనిది, వేలెడంత ఉండే ప్రాణికి జబ్బు చేస్తే ఎలా కనిపెట్టాలి? ఈ ప్రశ్న 2022వ సంవత్సరం వేసవిలో ఇంగ్లాండులోని మా అమ్మాయి ఇంట్లో మాకు ఎదురైంది. దానికి జవాబు వెదకడంలో మా మనవడి దగ్గర మేము నేర్చుకున్న సంగతులు మన పాఠకులకు కూడా ఉపయోగపడతాయని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మేమిద్దరం భీమవరం దగ్గర ఒక పల్లెలో బడిపంతుళ్ళుగా పనిచేసి రిటైరైనవాళ్ళం. మా అమ్మాయి, అల్లుడు లెస్టర్ పట్టణంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ళ అబ్బాయికి అప్పుడు పదకొండేళ్ళు. ఆ దేశంలో పిల్లలు కుక్కనో పిల్లినో పెంచుకోవడం మామూలే. మావాడు మాత్రం గాజుతొట్టిలో న్యూట్లను పెంచుతున్నాడు.

కప్పకు చుట్టం

న్యూట్‌కు మన తెలుగులో పేరు లేదు. మన ప్రాంతంలో ఆ ప్రాణి లేకపోవడమే దానికి కారణం. మన దేశంలో దాని బంధువు ఒకటి డార్జిలింగ్, సిక్కిం వంటి కొండప్రాంతాల చెరువుల్లో ఉంది. చూడడానికి బల్లిలా నాలుగు కాళ్ళు, తోక ఉంటాయి గాని అది బల్లి కాదు. బల్లికి పొలుసులుంటాయి, న్యూట్‌కు ఉండవు. అది కప్పకు చుట్టం. నీళ్ళలో గుడ్లు పెడుతుంది, పిల్లలు మొప్పలతో పుడతాయి. మా మనవడివి చైనా తూర్పు ప్రాంతపు చెరువుల్లో, వరిపొలాల్లో ఉండే రకం. వీపు నల్లన, పొట్ట నిప్పు రంగు, దాని మీద నల్లటి మచ్చలు. పొడవు మూడు నాలుగు అంగుళాలకు మించదు. బాగా చూసుకుంటే పదేళ్ళకు పైగా బ్రతుకుతాయట.

మేము వెళ్ళేసరికి మూడు ఉన్నాయి. నల్లగా ఉన్నాయని వాటికి మిరియం, లవంగం, నల్లజీలకర్ర అని పేర్లు పెట్టాడు. జూన్ నెలాఖరులో నాలుగవది వచ్చింది. దానికి మేము చింతగింజ అని పేరు పెట్టాము.

"వీటిని ఎలా గుర్తుపడతావురా, అన్నీ ఒకేలా ఉన్నాయి కదా?" అని అడిగాము.

"పొట్ట మీద మచ్చలు చూడండి తాతయ్యా. ఒకదానికి ఉన్నట్టు ఇంకోదానికి ఉండవు, మన వేలిముద్రల్లాగే" అన్నాడు. నాలుగింటికీ పొట్టవైపు ఫోటోలు తీసి, తేదీ వేసి దాచుకున్నాడు. ఆ ఫోటోలే తరువాత ఎంత పనికి వచ్చాయో ముందు ముందు చెబుతాము.

కప్పజాతి ప్రాణులకు చర్మమే ముఖ్యం. అవి నీళ్ళు నోటితో తాగవు, చర్మంతో పీల్చుకుంటాయి. ప్రాణవాయువు కూడా కొంత చర్మం గుండానే లోపలికి పోతుంది. కనుక నీళ్ళలో ఏ విషం కలిసినా అది సూటిగా వాటి రక్తంలోకి పోతుంది. సబ్బు అంటిన చేతితో ముట్టుకున్నా వాటికి ప్రమాదమే. మనకూ జాగ్రత్త అవసరం. ఈ రకం న్యూట్ చర్మంలో, బంతిలా ఉబ్బే పఫర్ చేపలో ఉండే విషమే ఉంటుంది. ముట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదు గాని, ఆ చేయి నోట్లో పెట్టుకోకూడదు, కళ్ళు నులుముకోకూడదు. తొట్టిలో చేయి పెట్టకముందు ఒకసారి, పెట్టిన తరువాత ఒకసారి చేతులు కడుక్కోవడం ఆ ఇంటి నియమం.

ఎండలు వచ్చిన వారం

ఆ ఏడు జూలైలో ఇంగ్లాండులో ఎన్నడూ లేని ఎండలు కాశాయి. జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీ అనేచోట 40.3 డిగ్రీలు నమోదైంది. ఆ దేశ చరిత్రలో అదే అన్నిటికన్నా ఎక్కువ. మే నెల ఎండలు చూసిన మనకు అది పెద్ద లెక్క కాదు. కాని అక్కడి ఇళ్ళు చలిని ఆపడానికి కట్టినవి. సీలింగ్ ఫ్యాన్లు కూడా ఉండవు. మేడమీద గదిలో గాలి ఆడలేదు. పదిహేను, ఇరవై డిగ్రీల మధ్య ఉండవలసిన తొట్టి నీళ్ళు ఇరవై ఏడుకు చేరాయి.

20వ తేదీ ఉదయం చూస్తే చింతగింజ పొట్ట ఉబ్బి, ఒక పక్కకు ఒరిగి నీటి మీద తేలుతోంది. లవంగం నీళ్ళు వదిలి రాతి మీదికెక్కి కూర్చుంది. దాని వెనుక పాదం మీద దూదిపింజ అంటుకున్నట్టు తెల్లగా ఉంది. మిగిలిన రెండూ పురుగులు వేసినా తినలేదు. పిల్లవాడి ముఖం పాలిపోయింది. "అమ్మమ్మా, మందు తెద్దాం పదండి" అన్నాడు.

వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. "ముందు నీళ్ళు చూడు. మందు సంగతి తరువాత" అంది.

మా అమ్మాయి ఆ మాట అనగానే మాకు మన చేపల చెరువులు గుర్తుకొచ్చాయి. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే అనుభవం గల రైతు మందుల కొట్టుకు పరుగెత్తడు. ముందు ఏరియేటర్లు వేస్తాడు, నీరు పరీక్ష చేయిస్తాడు. నీళ్ళలో బ్రతికే ప్రాణికి నీళ్ళే ఇల్లు, నీళ్ళే గాలి. చాలా జబ్బులు ఆ నీటిలోనే మొదలవుతాయి.

వాళ్ళింట్లో నీటి పరీక్షకు చిన్న పెట్టె ఉంది. గాజుగొట్టంలో తొట్టి నీళ్ళు పోసి చుక్కలు వేస్తే రంగు మారుతుంది. పసుపు రంగు ఉంటే అమ్మోనియా లేనట్టు. ఆకుపచ్చ తిరిగితే ఉన్నట్టు. ఆ రోజు గొట్టం ఆకుపచ్చగా మారింది. కారణం తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. వేడికి న్యూట్లు తినడం మానేశాయి. తినని పురుగులు అడుగున కుళ్ళాయి. కుళ్ళినదాని నుండి, వాటి విసర్జనల నుండి అమ్మోనియా పుడుతుంది. మామూలు రోజుల్లో తొట్టిలోని ఫిల్టరును పట్టుకుని ఉండే మేలుచేసే సూక్ష్మజీవులు దానిని మార్చి హాని తగ్గిస్తాయి. ఇప్పుడు వాటి శక్తికి మించిపోయింది. పైగా నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, అమ్మోనియా విషం పెరుగుతుంది.

క్లోరిన్ తీసివేసిన నీళ్ళు కొంతకొంతగా పోసి సగం నీరు మార్చారు. తొట్టి మీద టేబుల్ ఫ్యాను తిప్పారు. మన కూజాలో నీరు ఆవిరై చల్లబడే సూత్రమే అది. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, మూత బిగించి, తొట్టిలో తేలవేశారు. మంచుముక్కలు నేరుగా వేయలేదు. ఒక్కసారిగా చల్లబడినా వాటికి దెబ్బే. జబ్బుగా కనిపించిన రెండింటినీ వేరువేరు డబ్బాల్లో పెట్టారు.

జబ్బులా కనిపించినా జబ్బు కానివి

ఆ సాయంత్రం మనవడు మాకు ఇంకొక సంగతి చెప్పాడు. న్యూట్‌ను చూసి ప్రతిదానికీ భయపడకూడదట. నీళ్ళలో పలుచటి పొర తేలుతుంటే చర్మం కుళ్ళిందని కంగారు పడతారు. అది విడిచిన కుబుసం. తరచు విడుస్తుంది, చాలాసార్లు తానే తినేస్తుంది. ఆడదాని పొట్ట పెరిగితే గుడ్లు కావచ్చు. జతకట్టే కాలంలో మగదానికి తోక మొదట్లో వాపు కనిపించడం మామూలే. రెండు రోజులు తినకపోయినా ఫరవాలేదు. ఎప్పుడూ నీళ్ళలో ఉండేది అదేపనిగా గట్టెక్కి కూర్చుంటే మాత్రం నీళ్ళు పాడయ్యాయేమో చూడాలి.

మరి నిజమైన జబ్బుకు గుర్తులేమిటి? రోజుల తరబడి తినకపోవడం. చిక్కిపోయి నడుము ఎముకలు పైకి కనిపించడం. ఒళ్ళంతా నీరు పట్టినట్టు ఉబ్బడం. మునగలేక ఒరిగి తేలడం. చర్మం మీద పుండ్లు, దూదిలాంటి బూజు. కాళ్ళ అడుగుభాగం ఎర్రబడడం. వెల్లకిలా తిప్పితే తిరిగి బోర్లపడలేకపోవడం. వీటిలో ఏ ఒక్కటీ ఫలానా జబ్బు అని తేల్చి చెప్పదు. ఉబ్బినదానికి మూత్రపిండాలు చెడి ఉండవచ్చు, రక్తంలో సూక్ష్మజీవులు చేరి ఉండవచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చెయ్యి పెట్టి జ్వరం చూద్దామంటే దాని ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. గుర్తును చూసి జబ్బు పేరు ఊహించి మందు వేయడం చీకట్లో రాయి విసరడమే.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న

కుక్కలను, పిల్లులను చూసే ప్రతి పశువైద్యునికీ ఈ ప్రాణుల సంగతి తెలియదు. తెలిసిన డాక్టరమ్మ ఒకరు దొరికారు. తడిపిన మెత్తటి కాగితం పరచిన మూత డబ్బాలో, ఆ డబ్బాను చల్లటి సంచిలో పెట్టి మరునాడు నాలుగింటినీ తీసుకువెళ్ళాము. తొట్టి నీళ్ళు కూడా ఒక సీసాలో పట్టుకు రమ్మన్నారు.

ఆమె వెంటనే ముట్టుకోలేదు. చాలాసేపు డబ్బాలోకి చూస్తూ ఉన్నారు. గొంతు కింద చర్మం ఎలా ఆడుతోంది, ఎలా నడుస్తోంది, కాళ్ళు సమంగా వేస్తోందా అని గమనించారు. తరువాత తడిపిన తొడుగులు వేసుకుని, బంగారం తూచేటంత సున్నితమైన త్రాసు మీద తూచారు. కొద్ది గ్రాముల ప్రాణి. ఆ బరువును బట్టే మందు లెక్క కట్టాలి. లవంగం పాదం మీది దూదిని కొంచెం తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, మా మనవడిని కూడా చూడనిచ్చారు. దారాలు దారాలుగా నీటి బూజు కనిపించింది. అది సాధారణంగా చిన్న గాయాన్నో, దెబ్బతిన్న చర్మాన్నో పట్టుకునే బూజు. లవంగానికి ప్రమాదం లేదన్నారు.

అప్పుడు ఆమె అడిగారు: "ఇవి తిండి మానేసింది ఎప్పటినుంచి?"

మేమంతా ఎండలు వచ్చినప్పటినుంచి అనబోయాము. మావాడు మాట్లాడకుండా సంచిలోనుండి నోటుపుస్తకం తీశాడు. రోజుకొక వరుస. నీటి వేడి ఎంత, ఎవరెవరు ఎన్ని వానపాము ముక్కలు తిన్నారు, తొట్టిలో ఎక్కడ కనిపించారు అని రాసి ఉంది. మూడింటి గడిలో జూలై 17 వరకు అంకెలున్నాయి. చింతగింజ గడిలో మాత్రం జూలై 9 నుండి అన్నీ సున్నాలే.

డాక్టరమ్మ ఆ పేజీ రెండుసార్లు చూశారు. "అయితే దీని జబ్బు ఎండకన్నా ముందే మొదలైంది" అన్నారు. పాత ఫోటో పక్కన పెట్టి చింతగింజను తిప్పి చూశారు. పొట్ట పుట్టుకతోనే ఎరుపు గనుక అక్కడ తేడా తెలియదు. కాని ఫోటోలో కాళ్ళ అడుగుభాగం పాలిపోయిన రంగు, ఇప్పుడు రక్తం చిమ్మినట్టు ఎరుపు. ఫోటో లేకపోతే ఆ ఎరుపు దాని సహజమైన రంగే అనుకునేవాళ్ళం. నాలుగు న్యూట్లు ఒకేరోజు నలతగా కనిపించినా, మూడింటిది నీటి బాధ, ఒకదానిది వేరే జబ్బు. ఆ భేదాన్ని చెప్పింది పిల్లవాడు రాసుకున్న సున్నాలే.

చింతగింజ ఇంటికి వచ్చి మూడు వారాలే అయింది. కొత్తదానిని కొన్ని వారాలు వేరే తొట్టిలో ఉంచి, బాగుందని నిశ్చయం చేసుకున్నాకే పాతవాటితో కలపాలని డాక్టరమ్మ మెల్లగా చెప్పారు. కొత్త గొడ్డును తెచ్చినప్పుడు కొన్నాళ్ళు వేరే కట్టేయమని మన పశువుల డాక్టర్లు చెప్పే మాటే కదా ఇది!

ఎదురుచూసిన రోజులు

ఆమె నాలుగింటి చర్మాలనూ దూది పుల్లతో తుడిచి పరీక్షకు పంపారు. ఎందుకో వివరించారు. కప్పజాతి ప్రాణుల చర్మాన్ని పట్టే కైట్రిడ్ అనే బూజులున్నాయి. ఒకదానిని 1990ల చివర కనిపెట్టారు. అది ఎన్నో దేశాల్లో కప్పలను తుడిచిపెట్టింది. రెండవదానిని 2013లో గుర్తించారు. నెదర్లాండ్స్ అడవుల్లో పసుపు, నలుపు రంగుల సాలమాండర్లు దాదాపు అంతరించిపోతుంటే కారణం వెదికి పట్టుకున్నారు. అది ఆసియా నుండి పెంపుడు ప్రాణుల వ్యాపారం వెంట వచ్చిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఆసియా న్యూట్లలో కొన్నింటికి అది సోకినా పైకి జబ్బు కనిపించకపోవచ్చు. కాని వాటి నుండి అంటుకుంటే ఐరోపా జాతులు చనిపోతాయి. ఆ భయంతోనే అమెరికా 2016లో 201 రకాల సాలమాండర్ల దిగుమతిని ఆపింది.

పక్కింటి ముసలాయన తోటలో చిన్న కుంట ఉంది. అందులో ఆ దేశపు అడవి న్యూట్లు ఉన్నాయి. ఒక్క చుక్క తొట్టి నీరు కూడా తోటలో పారబోయకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. వాడిన నీళ్ళు మొక్కలకు పోయడం మన అలవాటు. అక్కడ ఆ నీళ్ళలో బ్లీచింగు కలిపి, మురుగుగొట్టంలోనే పోశాము. పిల్లవాని తొట్టిలోని జబ్బు ఊరి చెరువులకు ఎక్కగలదన్న మాట మమ్మల్ని చాలా ఆలోచింపజేసింది.

చింతగింజకు రక్తంలోని సూక్ష్మజీవులకు మందు మొదలుపెట్టారు. మూడవరోజు తెల్లవారేసరికి అది చనిపోయింది. మావాడు ఏడ్చాడు. మేము అడ్డు చెప్పలేదు. చిన్న ప్రాణి కదా అని తేలిక చేయనూలేదు. డాక్టరమ్మ ముందే చెప్పినట్టు దానిని తడికాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచారు. గడ్డకట్టించే అరలో పెడితే లోపలి భాగాలు చెడి పరీక్షకు పనికిరావట. వాళ్ళ పెరుగుగిన్నె పక్కన ఆ డబ్బా చూసి మా అమ్మాయి ముఖం చిట్లించింది గాని ఏమీ అనలేదు.

పది రోజులకు జవాబు వచ్చింది. కైట్రిడ్ నాలుగింటిలో దేనికీ లేదు. చింతగింజ చనిపోయింది రక్తంలో చేరిన సూక్ష్మజీవుల వల్లనే. అప్పటికి లవంగం పాదం నయమై, మిరియం, నల్లజీలకర్ర మళ్ళీ వానపాముల కోసం గాజుకు ముక్కు ఆనించి నిలబడుతున్నాయి. మావాడు నోటుపుస్తకంలో చింతగింజ గడికి కింద గీత గీశాడు. గడిని మాత్రం కొట్టివేయలేదు.

మన ఇళ్ళకు పనికివచ్చే మాట

మన ఊళ్ళలో న్యూట్లు పెంచేవారు లేరు. అయినా కోళ్ళు, మేకలు, గేదెలు, గాజుతొట్టి చేపలు లేని ఇళ్ళు తక్కువ. వాటిని చూసుకునే పని చాలాచోట్ల పిల్లలదే. కాబట్టి ఈ కొన్ని మాటలు ప్రతి ఇంటికీ వర్తిస్తాయి.

మొదటిది, ప్రాణి ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో బాగా చూసి పెట్టుకోవాలి. మామూలు రూపం తెలియనివారికి జబ్బు రూపం తెలియదు. రెండవది, జబ్బు కనిపిస్తే ముందు దాని చోటును చూడాలి. నీళ్ళు, గాలి, వేడి, మేత, కొత్తగా వచ్చిన ప్రాణి, వీటిలో ఏది మారిందో వెదకాలి. మూడవది, నలతగా ఉన్నదానిని వేరుచేయాలి. నాలుగవది, మన మందులు వాటికి వేయకూడదు. మనం పుండ్లకు రాసుకునే నొప్పి తగ్గించే ఆయింట్‌మెంట్లలో కొన్ని కప్పజాతికి ప్రాణాంతకం అని ఆ డాక్టరమ్మ హెచ్చరించారు. ఐదవది, రాసిపెట్టాలి. మనసులో ఉంచుకున్నది ఎండ తగిలితే ఎండ మీదికి, వాన పడితే వాన మీదికి జరిగిపోతుంది. తేదీ వేసి కాగితం మీద రాసినది జరగదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ పిల్లలకు ఒక నోటుపుస్తకం ఇచ్చి, దొడ్లోని ఒక ప్రాణిని వారికి అప్పగించండి. ఎంత తిన్నది, ఎంత తాగింది, ఎక్కడ పడుకుంది అని రోజుకు ఒక్క వరుస రాయమనండి. అది పశువుకు ఎలాగూ మేలు. పిల్లలకు అంతకన్నా మేలు. తన బాధ చెప్పుకోలేని ప్రాణిని రోజూ గమనించడం అలవాటైన బిడ్డ, రేపు ఇంట్లో అన్నం సగంలో వదిలేసి మౌనంగా లేచిపోయే తాతను, అమ్మను కూడా గమనిస్తాడు. ఎన్ని రోజులనుండి అలా ఉన్నారో కూడా చెప్పగలడు.